సమురాయ్ ధారావాహికలో స్త్రీనీ పరువునూ ఎలా చూడాలి, చూసి ఎలా రాయాలి

సమురాయ్‌ల కాలం మీద తీసిన ఒక ధారావాహికను చూసి తెలుగులో నాలుగు పేజీల సమీక్ష రాయదలచుకున్నవారికీ, హైదరాబాదులో ఏ తార్నాకలోనో కూకట్‌పల్లిలోనో ఒక ఇంటి హాల్లో పదిమందిని కూర్చోబెట్టి చర్చ నడపదలచుకున్నవారికీ పనికివచ్చేలా ఈ వ్యాసం రాస్తున్నాను. ఉదాహరణగా 2024లో పది భాగాలుగా వచ్చిన ‘షోగన్’ను తీసుకుంటాను. కథ చివరిదాకా ప్రస్తావనకు వస్తుంది కనుక ఇంకా చూడనివారు ముందు చూసి రావడం మేలు.

స్త్రీ పాత్రల గురించి మనవాళ్ళు రాసే సమీక్షలు చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంటాయి: ఆమె బలమైన పాత్రా, బలహీనమైన పాత్రా? కత్తి పట్టిందంటే బలమైనదనీ, కన్నీరు పెట్టిందంటే బలహీనమైనదనీ తేల్చేసి చేతులు దులుపుకుంటాము. ఈ ప్రశ్న పట్టుకుని సమురాయ్ కథ దగ్గరికి వెళితే పెద్దగా ఏమీ దొరకదు. ఆ లోకంలో పరువు ప్రభువుకూ, వంశానికీ, ఇంటికీ, కొలువుకూ మధ్య నడిచే వ్యవహారం. ఒక్క మనిషి దాన్ని సొంతంగా సంపాదించలేడు, సొంతంగా పోగొట్టుకోలేడు. అందుచేత ప్రతి సన్నివేశం దగ్గరా అడగవలసినవి ఇవి: ఇక్కడ ఎవరి పరువు నిలబడింది, దానికి మూల్యం ఎవరు చెల్లించారు, చెల్లించమని అనుమతి ఎవరిచ్చారు? మూడింటిలోనూ మూడోది ముఖ్యం. ఈ కథలోని స్త్రీలు ఒకటికి నాలుగుసార్లు అనుమతి అడుగుతారు. బతకడానికి అడుగుతారు, చనిపోవడానికి అడుగుతారు, సన్యాసినిగా వెళ్ళిపోవడానికి అడుగుతారు. ఆ అనుమతి ఎప్పుడు దొరికింది, ఎప్పుడు దొరకలేదు అన్నది వెంటబడి చూస్తే కథ వెన్నెముక చేతికి అందుతుంది.

చూడటానికి ముందు

ఇలాంటి అనుసరణలో మూడు పొరలు ఉంటాయి, వాటిని కలిపేయకూడదు. అడుగున చరిత్ర, దాని మీద నవల, ఆ పైన తెర. నోటుపుస్తకంలో మూడింటికీ మూడు వేరు పేజీలు కేటాయించుకోండి.

చరిత్ర పేజీలో రాసుకోవలసిన ముఖ్యమైన పేరు హొసోకావా గ్రాసియా. ఆమె అసలు పేరు తామా, 1563లో పుట్టింది, సేనాని అకేచి మిత్సుహిదే కూతురు. 1582లో ఆ తండ్రి తన ప్రభువు ఓడా నొబునాగా మీద క్యోటోలోని హొన్నోజి ఆలయంలో తిరుగుబాటు చేయగా నొబునాగా అక్కడే మరణించాడు. కొద్ది రోజులకే మిత్సుహిదే కూడా ఓడిపోయి చనిపోయాడు. ద్రోహి కూతురు అన్న ముద్ర పడిన తామాను భర్త హొసోకావా తదాఓకి వదిలిపెట్టకుండా కొండ ప్రాంతంలో దూరంగా ఉంచాడు. 1587లో ఆమె క్రైస్తవం పుచ్చుకుని గ్రాసియా అయింది. 1600లో ఇషిదా మిత్సునారి ఒసాకాలో ఉన్న ప్రత్యర్థి సేనానుల కుటుంబాలను బందీలుగా పట్టుకోబోయినప్పుడు ఆమె లొంగలేదు. ఆత్మహత్య తన మతంలో పాపం గనుక ఇంటి కొలువులోని ఒక సమురాయ్ చేతిలో మరణించింది, ఇంటికి నిప్పు పెట్టారు. భార్య పరువుకు ముప్పు వస్తే ఆమెను చంపి మీరూ చావండని భర్త బయలుదేరేముందే కొలువువారికి చెప్పి వెళ్ళాడంటారు. అదే ఏడాది అక్టోబరులో సెకిగహారా యుద్ధం జరిగింది, 1603లో తొకుగావా ఇయెయాసు షోగన్, అంటే దేశపు సైనిక పాలకుడు, అయ్యాడు.

నవల పేజీలో ఎక్కువ రాయనక్కరలేదు. జేమ్స్ క్లావెల్ దాన్ని 1975లో వెలువరించాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యానికి చిక్కి సింగపూరులోని చాంగి ఖైదులో గడిపిన బ్రిటిష్ సైనికాధికారి ఆయన. గ్రాసియా ఆయన చేతిలో మరికో అయింది, ఇయెయాసు తోరానాగా అయ్యాడు, ఇంగ్లిష్ నావికుడు విలియం ఆడమ్స్ బ్లాక్‌థోర్న్ అయ్యాడు. నొబునాగా మేనకోడలు యోదో, మరణించిన పాలకుడి బాల వారసుడికి తల్లి అయిన ఓచిబా పాత్రకు ఆధారం.

తెర పేజీ రెండు భాగాలు కావాలి, ఎందుకంటే ఇదే నవలను అమెరికా టెలివిజన్ 1980లో ఒకసారి తీసింది. ఆ సెప్టెంబరులో అయిదు రాత్రులు ప్రసారమైన ఆ రూపంలో జపనీస్ సంభాషణల్లో అధిక భాగానికి ఉపశీర్షికలే లేవు. బ్లాక్‌థోర్న్‌కు అర్థం కానిది ప్రేక్షకుడికీ అర్థం కాకూడదన్నది వాళ్ళ ఉద్దేశం. దానివల్ల జరిగిన నష్టం మన విషయానికి నేరుగా సంబంధించినది: మరికో పరాయివాడితో ఇంగ్లిష్‌లో మాట్లాడినదే మనకు వినబడుతుంది, ఇంకో స్త్రీతో ఆమె ఏం మాట్లాడిందో వినబడదు. 2024 రూపంలో సంభాషణలు అధికంగా జపనీస్‌లోనే ఉన్నాయి, ప్రతి మాటకూ ఉపశీర్షిక ఉంది. ఫుజితో మరికో, ఓచిబాతో మరికో, కికుతో గిన్, ఇలా స్త్రీలు స్త్రీలతో మాట్లాడుకునే గదుల్లోకి మనకు ప్రవేశం దొరికింది. రెండు రూపాల మధ్య ఏది మారింది అని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఇదే. మొదటి సీజనుకు 18 ఎమ్మీ పురస్కారాలు రావడం, అందులో ఒకటి మరికోగా నటించిన అన్నా సవాయికి దక్కడం ఆ తర్వాతి సంగతి.

ఇంకొక జాగ్రత్త. ‘బుషిదో ఇలా చెబుతుంది’ అని రాసే అలవాటును పక్కన పెట్టండి. సమురాయ్‌లందరికీ ఒకే ధర్మశాస్త్రం ఉండేదన్న భావన మనదాకా వచ్చింది ప్రధానంగా నితోబె ఇనాజో 1900లో విదేశీ పాఠకుల కోసం ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకం వల్ల. కథ జరిగే 1600కూ దానికీ మధ్య మూడు వందల ఏళ్ళు ఉన్నాయి. స్త్రీ తండ్రికి, భర్తకు, అత్తమామలకు లోబడి ఉండాలని బోధించే నీతి గ్రంథాలు ప్రచారంలోకి వచ్చింది కూడా పద్దెనిమిదో శతాబ్దపు శాంతికాలంలోనే. అంతకు చాలా ముందు, 1232 నాటి కామకురా సైనిక ప్రభుత్వ శాసనం సమురాయ్ కుటుంబ స్త్రీలకు ఆస్తి హక్కును, వారసుణ్ణి దత్తత తీసుకునే హక్కును గుర్తించింది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకు ఇక్కడ ఓరుగల్లులో రుద్రమదేవి సింహాసనం ఎక్కి, శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా పేరు చెక్కించుకుంది. కాలం వెనక్కు వెళ్ళేకొద్దీ స్త్రీ స్థితి దిగజారుతూ ఉంటుందన్న మన లెక్క అక్కడా ఇక్కడా కూడా తప్పుతుంది.

చూసేటప్పుడు

మొదటిసారి ఆపకుండా చూడండి, ఏమీ రాయకండి. రెండోసారి చూసేటప్పుడు జపనీస్ ధ్వని, ఉపశీర్షికలు పెట్టుకుని నోటుపుస్తకం తీయండి. ఉపశీర్షిక చదవడంలో పడి చేతులనూ మోకాళ్ళనూ చూడటం మర్చిపోతాము. ఈ ధారావాహికలో ఎవరు ఎంత లోతుగా వంగారు, ఎవరు ముందు లేచారు, తలుపు ఎవరు జరిపారు, ఎవరి కత్తి ఎవరి పక్కన ఉంది అన్న వాటిలోనే సగం కథ ఉంది. ఒక మూడు నాలుగు సన్నివేశాలను శబ్దం లేకుండా కూడా చూడమని నా సలహా.

పేజీని నిలువుగా మూడుగా విడగొట్టి, అడిగినవారు, ఇచ్చినవారు, భరించినవారు అని పైన రాసుకోండి. మొదటి భాగంలోనే దీనికి పని తగులుతుంది. సభలో తన ప్రభువుకు జరిగిన అవమానాన్ని తట్టుకోలేక యువకుడైన తదయోషి కత్తి మీద చేయి వేస్తాడు. నిండు సభలో అది పెద్ద తప్పు. దిద్దుబాటుగా తన ప్రాణాన్నీ, తన వంశాన్నీ ముగిస్తానని అక్కడికక్కడే ప్రకటిస్తాడు. వంశం అంటే ఉయ్యాలలో ఉన్న పసిబిడ్డ. ఆ బిడ్డ తల్లి ఫుజి ఆ సభలో లేదు, ఆమెను ఎవరూ అడగలేదు, వార్త ఇంటికి వచ్చేసరికి నిర్ణయం అయిపోయింది. నోటుపుస్తకంలో ఇది ఇలా పడుతుంది: అడిగింది భర్త, ఇచ్చింది ప్రభువు, భరించింది తల్లి. బిడ్డను ఇవ్వనని పట్టుబట్టిన ఫుజిని ఒప్పించే బాధ్యత కూడా ఒక స్త్రీ మీదనే, అంటే మరికో మీదనే పెట్టారన్నది పక్కన రాసుకోండి. పురుషుల మధ్య కుదిరిన పరువు ఒప్పందాన్ని ఇంటి లోపల అమలు చేయించే పని స్త్రీలది కావడం ఈ కథలో పదేపదే కనిపిస్తుంది.

అక్కడితో ఫుజి కథ ముగిసిపోలేదు. సన్యాసినిగా వెళ్ళాలనుకున్న ఆమెను, కొంత గడువు పెట్టి, పరాయి దేశపు నావికుడి ఇంటికి గృహిణిగా పంపుతారు. ఇక్కడ చాలామంది సమీక్షకులు జాలిపడి ముందుకు వెళ్ళిపోతారు. నాలుగో భాగంలో ఒక సన్నివేశం దగ్గర ఆగండి. బ్లాక్‌థోర్న్ తుపాకులు స్వాధీనం చేసుకోవడానికి ఆ ఊరి సమురాయ్ ఓమి వస్తాడు. ఇంటి యజమాని వాటిని వదులుకోనంటాడు. మాట ముదిరినప్పుడు ఫుజి తుపాకి అందుకుని ఓమికి గురిపెట్టి నిలబడుతుంది. ఆమెకు ఆ పరాయివాడి మీద ప్రేమా లేదు, గౌరవమూ లేదు. ఆ ఇంటి బాధ్యత తనకు అప్పగించారు కనుక ఆ ఇంటి పరువు తన చేతిలో ఉంది, అంతే. తర్వాత అతడు ఆమెకు తుపాకి కానుకగా ఇస్తాడు, ఆమె తన తండ్రి కత్తులను అతడికి ఇస్తుంది. వంశాన్ని కోల్పోయిన స్త్రీ వంశపు కత్తులను పరాయివాడి చేతిలో పెట్టడంలో ఎంత సంగతి ఉందో రాయడానికి ఒక పేజీ చాలదు. నన్నడిగితే ఈ ధారావాహికలో అన్నిటికంటే నిశితంగా రాసిన పాత్ర ఫుజి. పేరు మరికోకు వచ్చింది కానీ.

అయిదో భాగంలో మరికో భర్త బుంటారో బ్లాక్‌థోర్న్ ఇంటికి వచ్చిన విందు సన్నివేశాన్ని మా తార్నాక బృందంలో చూసినప్పుడు చర్చ అనుకున్నదానికంటే ఎక్కువసేపు సాగింది. మద్యం మత్తులో ఉన్న భర్త, ఆతిథ్యమిచ్చినవాడి ముందు భార్య చేత ఆమె తండ్రి ద్రోహం కథ చెప్పిస్తాడు, ఆమె ముఖానికి అంగుళాల దూరంలోంచి బాణాలు వదిలి విలువిద్య ప్రదర్శిస్తాడు, ఆ రాత్రి ఆమెను కొడతాడు. బ్లాక్‌థోర్న్ నిలదీసినప్పుడు బుంటారో నేల మీద మోకరిల్లి, ఇంటి శాంతిని పాడుచేశానని ఇంటి యజమానికి క్షమాపణ చెబుతాడు. అది చూసి మాలో పెద్దావిడ, మేమందరం పిన్నిగారని పిలిచే ఆమె, ‘ఇదేమిటమ్మా, దెబ్బలు తిన్నది ఆ పిల్ల, క్షమాపణ ఇతగాడికా?’ అన్నారు. పక్కనే ఉన్న కుర్రవాడు ‘దర్శకుడు అదే చూపిస్తున్నాడు కదండీ పిన్నిగారూ’ అన్నాడు. ఇద్దరి మాటా నిజమే, ఆ రెండింటి మధ్య ఉన్న ఎడమే సమీక్షకుడు పని చేయవలసిన చోటు. క్షమాపణ ఎవరికి చేరిందో చూపించి ఊరుకోవడం తెర చేసిన పని. ఆ మర్యాద లెక్కలో మరికో ఒంటి మీది గాయానికి గడి లేదన్న సంగతిని మాటల్లో పెట్టడం మన పని. తీర్పు చెప్పవచ్చు, చెప్పాలి కూడా. కానీ సన్నివేశం ఏం చూపిందో ముందు చెప్పి, ఆ తర్వాత మన అభిప్రాయం చెప్పాలి.

పురుషుల మరణాలనూ అదే పట్టికలో వేయండి, లేకపోతే పోలిక కుదరదు. ఎనిమిదో భాగంలో వృద్ధుడైన హిరోమట్సు తన ప్రభువు నిర్ణయాన్ని నిరసిస్తూ పొట్ట చీల్చుకుంటాడు, తల నరకవలసిన బాధ్యత సొంత కొడుకు బుంటారో మీద పడుతుంది. ఆ మరణం బహిరంగం, అందరి సమక్షంలో జరిగింది, దానికి సాక్షులున్నారు, అర్థం ఉంది. ఫుజి బిడ్డ మరణాన్ని కెమెరా చూపించదు. ఎవరి చావుకు సభ దొరికింది, ఎవరి చావు గోడ వెనక జరిగిపోయింది అన్న తేడాను పట్టుకుంటే తొమ్మిదో భాగానికి తాళం దొరికినట్టే.

ఒసాకా ద్వారం దగ్గర

తొమ్మిదో భాగానికి ఒక పూర్తి సాయంత్రం కేటాయించండి. చూసిన వెంటనే చర్చ పెట్టకండి, టీ తాగి కూర్చోండి.

అంతకు ముందు జరిగినది గుర్తుంచుకోవాలి. తండ్రి చేసిన దానికి వంశమంతా నాశనమైనప్పటి నుంచి మరికో చనిపోవడానికి అనుమతి కోరుతూ వచ్చింది, భర్త నిరాకరిస్తూ వచ్చాడు. ఎనిమిదో భాగంలో భర్త తనంతట తాను కలిసి చనిపోదామని ప్రతిపాదిస్తే ఆమె ఒప్పుకోదు. చావు కావాలన్న మనిషి చావు వద్దనడం చూసి పాత్ర తడబడిందని కొందరు రాశారు. తడబాటు అందులో ఏమీ లేదు. ఆమె ఇన్నాళ్ళూ కోరుకున్నది అతడికి అందనంత దూరం; అతడు ఇవ్వజూపినది చావులో కూడా అతడి పక్కనే చోటు. ఎవరి కోసం, ఎవరి నిర్ణయంతో అన్నది తేలకుండా మరణం అన్న మాటకు ఈ కథలో అర్థం లేదు.

ఇప్పుడు ఒసాకాకు రండి. కోటలో తోరానాగా ప్రత్యర్థి ఇషిడో, సేనానుల కుటుంబాలను అతిథుల పేరిట బందీలుగా ఉంచాడు. బందీలని ఎవరూ పైకి అనరు, మర్యాద పేరుతో అందరూ నటిస్తుంటారు. మరికో వచ్చి, తన ప్రభువు ఆజ్ఞ మేరకు ఆయన ఇంటి స్త్రీలను తీసుకుని రేపు బయలుదేరుతున్నానని నిండు సభలో చెబుతుంది. వెళ్ళనిస్తే బందీలందరూ వెళ్ళిపోతారు, ఆపితే వాళ్ళు బందీలేనని లోకానికి ఒప్పుకున్నట్టు. ఆమె అడిగింది అనుమతి కూడా కాదు గమనించండి. ఆజ్ఞ ఉంది, వెళుతున్నాను అన్నది. తొమ్మిది భాగాలుగా మన పట్టికలో అడిగినవారి గడిలో ఉన్న స్త్రీ మొదటిసారి ఆ గడి దాటి బయటికి వచ్చింది.

మర్నాడు పట్టపగలు ద్వారం దగ్గర ఆమె వెంట వచ్చిన కావలివాళ్ళు ఒక్కొక్కరుగా పడిపోతారు. ఆమె పొడవాటి కర్రకు వంపు తిరిగిన కత్తి బిగించిన నగినాత అందుకుని ఈటెల వరుస మీదికి వెళుతుంది. ఇక్కడ మన సినిమా కళ్ళు మోసం చేస్తాయి. నాయిక ఆయుధం పట్టింది కనుక ఇక పదిమందిని నరుకుతుందని ఎదురుచూస్తాము. ఆమె నరకలేదు, దాటలేదు కూడా. ఈటెలు ఆమెను చంపకుండా వెనక్కి నెడతాయి, ఆమె మళ్ళీ వెళుతుంది, మళ్ళీ నెడతాయి. ఊపిరి అందని ఆమె గొంతు, నేల మీద ఈడ్చుకుపోయే వస్త్రం అంచు, ఈటెలు పట్టినవాళ్ళ ముఖాల్లో కనబడే ఇబ్బంది, పై నుంచి చూస్తున్న కులీన కుటుంబాల మౌనం, వీటిని నోటుపుస్తకంలో రాసుకోండి. పోరాటంగా చూస్తే ఆమె ఓడిపోయింది. ఆ ఓటమిని అందరూ చూడాలి, అదే ఆమెకు కావలసినది. ఆజ్ఞ నెరవేర్చలేకపోయాను గనుక సూర్యాస్తమయానికి ప్రాణం తీసుకుంటానని ఆమె ప్రకటించగానే, దాచి ఉంచిన బందీఖానా బట్టబయలైపోతుంది. చివరి నిమిషంలో ఇషిడో అనుమతి పత్రాలతో వస్తాడు. ఆ రాత్రి రహస్యంగా మనుషులను పంపి దాడి చేయిస్తాడు. మరికో పేలుడు పెట్టబోతున్న తలుపు ముందు నిలబడి, తండ్రి వంశం పేరుతో తనను అకేచి మరికోగా చెప్పుకుని, ఈ సిగ్గుమాలిన దాడిని తన మరణంతో నిరసిస్తున్నానని ప్రకటిస్తుంది.

ఇక చరిత్ర పేజీ తెరిచి పక్కన పెట్టండి. గ్రాసియా మరణం ఇంటి లోపల, భర్త ముందే ఇచ్చి వెళ్ళిన ఆదేశం నీడలో, కొలువువాడి చేతి మీదుగా జరిగింది. అనుసరణ ఆ మరణానికి దారితీసిన నిరాకరణను వీధిలోకి, పగటి వెలుతురులోకి, అందరి కళ్ళ ముందుకు తెచ్చింది; భర్తను పక్కకు తప్పించింది; పుట్టింటి పేరును ఆమె నోట పలికించింది. ద్రోహి కూతురన్న మచ్చ మోసిన మనిషి చివరికి ఆ పేరుతోనే సాక్ష్యం చెప్పింది. ఈ మార్పును గుర్తించని సమీక్ష అసంపూర్ణమే.

గుర్తించి, మెచ్చుకుని ఆగిపోయినా అసంపూర్ణమే. పదో భాగంలో తోరానాగా తన సామంతుడు యాబుషిగేతో మాట్లాడుతూ, సైన్యం చేయలేని పనికి ఒక స్త్రీని పంపానని చెబుతాడు. ఓచిబా మనసు మారింది, వారసుడి సైన్యం యుద్ధానికి దిగదు, తోరానాగా గెలుపు ఖాయమైంది. అంటే మరికో ఎన్నుకున్న మరణం ఆయన వేసిన ఎత్తు కూడా. ఆమె స్వతంత్రురాలా, ఆయన చేతిలో ఆయుధమా అని ఒకవైపు తేల్చకండి. ఆమె ఆయనకు ఆయుధం కావడానికి తెలిసే ఒప్పుకుంది, ఎందుకంటే ఆ ఒప్పందంలోనే ఆమెకు చాలాకాలంగా నిరాకరించబడినది దొరికింది. ఒక స్త్రీకి తనదైన నిర్ణయం చావులో తప్ప దొరకని లోకాన్ని ఇంత అందంగా చిత్రించడం మీద అభ్యంతరం చెప్పే హక్కు మాత్రం మనకుంది. మంచు, తెల్లని వస్త్రం, కవిత్వం అన్నీ కలిసి ఆ చావును ఆకర్షణీయం చేస్తాయి. ఫుజికి అలాంటి కవిత్వమేమీ ఇవ్వలేదు. ఆమె భర్త, బిడ్డల బూడిద సముద్రంలో కలిపి, బతికే ఉండి, తను మొదట కోరుకున్న మఠానికి వెళుతుంది. సమీక్షలో ఈ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టండి, మీ వాదానికి బలం అక్కడి నుంచి వస్తుంది.

పరువు లెక్కలో లేని స్త్రీలు

వేశ్య కికునీ, ఆమె యజమానురాలు గిన్‌నూ మన సమీక్షలు సిగ్గుపడి వదిలేస్తాయి. ఏడో భాగంలో గిన్, ఒక్క అగరుబత్తి కాలేంతసేపు తోరానాగా సమయాన్ని కొనుక్కుని, ఆయన కొత్తగా కట్టబోయే ఎడో నగరంలో తన వృత్తివారికి ఒక ప్రత్యేక పేట కావాలని అడుగుతుంది. చరిత్రలో ఎడోలో అలాంటి పేటకు, యోషివారాకు, 1617లో అనుమతి దొరికింది. వంశం లేదు, పరువు లేదు, కనుక పోగొట్టుకునేదీ లేదు. ఆమె నేరుగా బేరం ఆడుతుంది, భవిష్యత్తు గురించి మాట్లాడుతుంది. ఈ కథలో చావు గురించి కాక స్థలం గురించి అడిగిన స్త్రీ ఆమె.

హైదరాబాదు పాఠకుడికి దీన్ని వివరించడం కష్టం కాదు. మౌలాలి గుట్ట కింద సమాధి తోటలో నిద్రిస్తున్న మహ్ లఖా బాయి చందా (1768–1824) తవాయిఫ్, ఉర్దూ కవయిత్రి, నిజాం దర్బారులో బిరుదూ జాగీరూ పొందిన స్త్రీ. తల్లి కోసం తాను కట్టించిన చోటనే తనూ ఉంది. గృహిణికి దొరకని భూమి, పేరు, కవితా సంపుటం గణికకు దొరికిన చోట్లు చరిత్రలో ఉన్నాయి. అయితే పోలికను అక్కడికే పరిమితం చేయండి. గిన్ అడిగిన పేట తర్వాతి తరాల స్త్రీలకు గోడలున్న చెరగా మారిందన్నదీ నిజమే.

రాసేటప్పుడు

కథ చెప్పడానికి ఒక పేరా చాలు. ఆ తర్వాత మీ పట్టికలోంచి మహా అయితే మూడు సన్నివేశాలు ఎంచుకోండి. ఎక్కువ పెడితే జాబితా అవుతుంది. ప్రతి సన్నివేశానికీ ముందు కళ్ళకు కనబడినది రాసి, తర్వాత ఎవరి పరువు, ఎవరి ఖర్చు, ఎవరి అనుమతి అన్నది చెప్పి, చివర చరిత్రతోనో నవలతోనో తేడా ఉంటే చెప్పండి. ‘జపాను స్త్రీలు ఇంతే’ అన్న వాక్యం ఎక్కడైనా దొర్లితే కొట్టేయండి. ఇది ఒక బ్రిటిష్ రచయిత ఊహించి, అమెరికా సంస్థ నిర్మించి, జపాను నటులు, నిపుణులు సరిదిద్దిన 1600 నాటి కులీన కుటుంబాల కథ. దాన్నిబట్టి ఒక జాతి స్వభావం తేల్చలేము.

మన దగ్గరి పోలికలు తెచ్చేటప్పుడు కూడా కొంచెం చూసుకోవాలి. పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మ మంత్రాంగం నడిపి యుద్ధానికి కారణమైందని నింద మోసింది, మాంచాల భర్తను యుద్ధానికి సాగనంపి కీర్తి పొందింది. ఎత్తు వేసిన స్త్రీకి నింద, సాగనంపిన స్త్రీకి హారతి అన్న ఈ పంపకం మనకు బాగా అలవాటు. దాన్నే ఓచిబాకూ మరికోకూ అంటగట్టేస్తాము. ఓచిబాను కుట్రదారుగా రాసేముందు, ఆమె చేసినది తోరానాగా చేసినదానికంటే ఏ విధంగా వేరో ఒక్క వాక్యంలో చెప్పగలరేమో ప్రయత్నించండి. పత్రికల్లో మనం చదివే పరువు హత్యలతో మరికో మరణాన్ని ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. అక్కడ చంపేది కన్నవాళ్ళు, చనిపోయేవారికి బతకాలని ఉంటుంది. పోలిక కావాలంటే ఫుజి బిడ్డతో పెట్టండి, అది నిలబడుతుంది.

సమూహంలో చర్చ నడిపేవారు ఆత్మహత్య ప్రస్తావన ముందే ఉందని చెప్పి మొదలుపెట్టడం అవసరం. ఎవరి ఇంట్లో ఏం జరిగిందో మనకు తెలియదు. వద్దనుకున్నవారు తొమ్మిదో భాగం రోజున రాకపోయినా ఎవరూ కారణం అడగకూడదు. ఇఫ్లూలో (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో) జపనీస్ చదువుకుంటున్నవారు ఎవరైనా పరిచయం ఉంటే ఒక సాయంత్రానికి పిలవండి. మరికో దుబాసీగా మాట్లాడుతూ ఎక్కడెక్కడ మాటను మెత్తబరిచిందో, ఎక్కడ మింగేసిందో వాళ్ళు పట్టి చూపిస్తారు.

మొదటి పది భాగాలతో నవల పూర్తిగా అయిపోయింది. ఆ తర్వాతి సీజన్లకు సన్నాహాలు జరుగుతున్నట్టు నిర్మాతలు ప్రకటించారు కనుక అవి వచ్చేసరికి నోటుపుస్తకంలో నవల పేజీ పనికిరాదు, చరిత్రా తెరా మాత్రమే మిగులుతాయి. ఓచిబాకు మూలమైన యోదో 1615లో ఒసాకా కోట కూలినప్పుడు కొడుకు హిదేయోరితో పాటు మరణించింది. ఆ మరణం దాకా కథ వెళ్ళినా వెళ్ళకపోయినా, ఓచిబా పేరుతో కొత్త పేజీ ఇప్పుడే మొదలుపెట్టి, తొమ్మిదో భాగంలో మరికోతో ఆమె మాట్లాడినదంతా అందులోకి ఎత్తి రాసుకోండి. ఇద్దరు పాత స్నేహితురాళ్ళు ఒకరినొకరు ఏం అడిగారో, ఏం ఇచ్చుకున్నారో అక్కడ ఉంది.